అరవయ్యొక్క గంటలు

మందస దాటి, జీడితోటలు దాటి
జీపు ఇక ఎక్కనని మొరాయించిన చోట దిగి
రంగుపొడి డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచాను.
సారు చేతిలో గడియారం, లెక్కల పుస్తకం.

బుడమగూడ పైన గెడ్డ
రెండు ఏనుగంతేసి బండల సందున దూరి
మరి కనిపించదు.
ఎటెళ్తుందో కనిపెట్టమని మమ్మల్ని పంపారు.

డబ్బాలో ఉన్నంతసేపూ పొడిది ఇటికరంగే.
నీటిని తాకిందో లేదో
చిలకల గుంపు ఒక్కసారి లేచినట్టు
పచ్చన, కళ్ళు పొడిచే పచ్చన.
పిల్లలు కేక పెట్టారు. బండ మింగేసింది.
పొద్దున్న ఏడూ పది, అని రాసుకున్నాడు సారు.

ఇక కిందికి పరుగు.
నాలుగు ఊటలు, ఏడు నూతులు, ఒక మోటారు బోరు,
ఒక్కోదాంట్లో దారం కట్టి
బొగ్గుపొట్లం వేలాడదీశాను.
"ఆల నీటికీ మా నీటికీ ఏటి సమ్మందం?"
అన్నాడు కిందూరి సాలిన జోగులు.
ఆ బోరు దగ్గర గూడవాళ్ళ బిందెకి వరస రాదు.

రాత్రి కాపలాకి నాతో సవర గయారి కూచుంది.
జీడిపిక్కల సొనకి మాడిన ఆమె వేళ్ళు నలుపు,
సబ్బుకి లొంగని నా వేళ్ళు పచ్చ.
నెగడు వెలుగులో రెండూ చూసి నవ్వింది.

"ఎటెల్తాదో నానెరుగుదునమ్మీ.
మాయప్ప కిందూరి తోటలో కూలికుండీది.
ఇప్పపూలు రాలే దినాల్లో
దోసెడు ఈ కన్నంలో ఏసీదాన్ని.
మూడోనాటికి ఊటకాడ ఏరుకునీది.
నాను బాగున్నానని దానికి తెలిసీది."

మరి ఆమె బాగున్నట్టు నీకెలా తెలిసేది?

చాలాసేపు నెగడు ఎగదోసింది.

"ఓ యేడు దిగెల్లి సూసినాను.
పూలు ఊటగట్టునే ఉన్నాయి,
సీమలు పట్టి."

మూడోనాటి రాత్రి ఎనిమిదీ పదికి
కిందూరి ఊట పచ్చబడింది.
జోగులు టార్చి వేసి చూస్తూ నిలబడ్డాడు,
బిందె ముంచనూ లేదు, ఇంటికి పోనూ లేదు.

అరవయ్యొక్క గంటలు.
కాగితంలో ఆ గడి నిండింది.
"ఇతర ఆధారాలు" అన్న గడిలో
సారు అడ్డగీత గీశాడు.
నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు.

తెల్లారి సామాను కడుతుంటే
గయారి వచ్చి డబ్బా మూత ఎత్తింది.
"ఈ రంగు
కాసింత మిగిలిందేటి?"