తేదీ ఉన్న చోట రాయి పగిలింది

వింజమూరు దాటాక బస్సులో సగం సీట్లు ఖాళీ.
మలై కాజా డబ్బా ఒళ్లో పెట్టుకుని
బోఫా కిటికీలోంచి కొండనే చూస్తోంది.
బోఫా అంటే వాళ్ల కాంబోడియాలో పువ్వంట.
మన పుష్పమే,
సముద్రం దాటేటప్పుడు అలకి తగిలి కొంచెం ఒరిగింది.
తుమ్మలపెంట హేచరీలో అందరం బాబమ్మ అనేస్తాం.
ఆమె దానికీ పలుకుతుంది.

ఇవాళ జనవరి ఒకటి.
పాస్‌పోర్టు ప్రకారం ఆమె పుట్టినరోజు.

"నిజంగా ఇవాళేనా?" అనేశాడు ఖాదర్ వలీ, ఆగలేక.
వచ్చీరాని తెలుగులో చెప్పింది,
వాళ్లమ్మకి గుర్తున్నదంతా
వరి కుప్పేసిన వారం,
దాపటెద్దు చచ్చిపోయిన రాత్రి.
ఆ రెండూ రాయడానికి కాగితంలో గడి లేదు.
గుమాస్తా ఒకటీ ఒకటీ వేసి ముద్ర కొట్టాడు.

"మా హెడ్మాస్టరూ అంతే,
నన్ను జులై ఒకటిన కన్నది ఆయనే" అన్నాడు వలీ.
"మా క్లాసులో పద్నాలుగు మందిమి
ఒకే రోజు ఆయన కడుపున పుట్టాం"
అంది పెంచలరాణి.
కండక్టరు టికెట్లు చించడం ఆపి నవ్వాడు.
ఆయనదీ జులై ఒకటేనంట.

మేం నలుగురం చేసే పని మాత్రం
రోజులు లెక్కపెట్టడం.
మైక్రోస్కోపు కింద కనురెప్ప వెంట్రుకంత రొయ్యపిల్ల.
దానికి తప్పని వయసు, పలక మీద సుద్దతో:
పీఎల్ తొమ్మిది, పీఎల్ పది.
ఒక్క రోజు తప్పు రాస్తే రైతు ఊరుకోడు.

ఉదయగిరిలో దిగి బజారులో ఒక కొయ్య కత్తి కొన్నాం,
పిడి మీద చిలక చెక్కింది.
ఎక్కుతుంటే సీతాఫలం చెట్లు,
కోయకుండా మిగిలి నల్లగా ఎండిన కాయలు,
మేక పెంటికలు, జారే రాళ్లు.
ఆ పైన గుడి. సగం కప్పు ఆకాశం.
తొండం లేని ఏనుగు. ముఖం అరిగినా
నడుం ఇంకా తిప్పుతూనే ఉన్న ఆటకత్తె.
లోపల దేవుడు లేడు, పీఠం ఉంది.
అయినా రాణి చెప్పులిప్పింది. మేమూ ఇప్పాం.

బోఫా ఆశ్చర్యపోలేదు.
స్తంభానికి వీపానించి కూలబడింది,
పుట్టింటి అరుగు మీద కూర్చున్నట్టు.
"మా ఇంటెనక ఇట్టాంటిదే.
చిన్నప్పుడు దీని మీద బట్టలారేసేవాళ్లం."

గోడ పక్కన శాసనం.
రాణి వేలితో మట్టి తుడుస్తూ కూడబలుక్కుంది,
స్వస్తి శ్రీ... ఏదో... ఏదో...
శకవర్షంబులు...
ఆ తర్వాత రాయి లేదు.
ఎవరింటి గడపైందో,
ఏ గొర్రెలకాపరి పొయ్యిలో మూడోదైందో,
సరిగ్గా అంకెలుండాల్సిన చోట
పిడికెడు గాలి.

"శక?" అంది బోఫా, లేచి.
"సకరాచ్. మాకూ ఉంది ఆ మాట."
పగిలిన అంచు మీద అరచేయి వేసి
అట్టాగే నిలబడింది చాలాసేపు.
జ్వరం చూస్తోందా అన్నట్టు.
మేం ఏం మాట్లాడాలో తెలీక
కొవ్వొత్తి వెతుక్కున్నాం.

గాలికి మూడుసార్లు ఆరింది.
నాలుగోసారి ఆమె ఊదకముందే ఆరింది.
చప్పట్లు కొట్టేశాం.
కొయ్య కత్తి దిగగానే కాజాలోంచి మీగడ,
పీఠం అంచున పాకం.

మేకల ముసలాయన ఎప్పుడొచ్చాడో,
మొదటి ముక్క ఆయనకే దక్కింది.
నమిలి, వేళ్లు నాక్కుని అడిగాడు:
"ఎన్నోదమ్మా?"

బోఫా నా వైపు చూసింది.
నేను శాసనం వైపు చూశాను.
"పీఎల్ పన్నెండు వేల చిల్లర!" అని అరిచాడు వలీ.
ఆమె నవ్విన నవ్వుకి
గర్భగుడిలో గబ్బిలాలు లేచిపోయాయి.
ముసలాయనకి ఏమీ అర్థం కాలేదు.
"మంచి వయసే" అన్నాడు.

దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే
చెవి తెగిన మేక ఒకటి
శ్రద్ధగా పీఠం నాకుతోంది.

మర్నాడు పొద్దున ఆరో ట్యాంకు దగ్గర
బోఫా పలక తుడిచి రాసింది: పీఎల్ పదకొండు.
రాశాక కూడా సుద్దముక్క కింద పెట్టలేదు.
నేను పిలవలేదు.
ఏరేటర్లు బుడబుడమంటున్నాయి.