ఐదో ఫారం

ముప్పై కిలోలే సామాను.
శంషాబాద్ కౌంటర్ కాడ నాలుగు కిలోలు ఎక్కువైతే
గంగనర్సు తొక్కు జాడీ తీసి తమ్మునికిచ్చిండు,
పుస్తకాలు తియ్యలే.
రెండు దినాలు రూంల ఎవ్వలు మాట్లాడలే వానితోని.

మూడో రాత్రి
కార్టన్ టేపు కోసింది ఓదెలే.
పన్నెండు పుస్తకాలు. ఇసుర్రాయి ప్రచురణలు, కోరుట్ల.
మీద ఒక చిట్టీ, పెన్సిల్ రాత, సుభాషిణి మేడంది:
"ఇది వానకాలం పంట. మూడేసి వందలు అచ్చేసినం.
కాయితం అప్పు పుడితే యాసంగికి ఇంకో రెండు."

అజ్మాన్ల వానెక్కడిది.
సుహైల్ చుక్క పొడిచిందని
బస్సు డ్రైవర్ గుల్జమీన్ వేలు చూపిచ్చిండు మొన్న.
ఇగ ట్యాంకు నీళ్లు వీపు కాల్చవు.
సెప్టెంబర్ పదిహేనుతోని మధ్యాహ్నం రెస్టు బందైంది,
బయటి పనోళ్లకు పగటి చదువు పోయింది
రాత్రి చదువు వచ్చింది.
మా పుస్తకాల కారు గిదే.

నేనైతే చదివేముందు వాసన చూస్త.
పదకొండేండ్లాయె
అల్ జుర్ఫ్‌ల అత్తరు డబ్బాల ప్రెస్సుల.
బొటనవేలే చెప్తది:
డెబ్బై జీఎస్ఎం, బంక తక్కువ,
కోత ఒకదిక్కు గుంజింది,
నడుమ రెండు పేజీలల్ల సిరా పాలిపోయింది,
అక్కడ కరెంటు పోయి వచ్చింది.
మా సూపర్వైజరైతే మొత్తం చెత్తలేస్తుండె.

ఒకటి బస్సు కండక్టర్ కవితలు.
ఒకటి గొర్ల రోగాల మీద, గొర్లకాపరే రాసిండు.
ఒకటి ఎవలిదో ఆస్పత్రి డైరీ, ఎవ్వలు ముట్టలే.
రాజనర్సు కతల పుస్తకం పట్టిండు.

కతల ఈరవ్వ
తాళంచెవి కోసం బాయిలకు దిగుతున్నది.
అరవై నాలుగో పేజీ ఆఖరు మాట
"కడమెట్టు మీదికెంచి కాలు తీసి"
అంతే.
పేజీ తిప్పితే ఈరవ్వ మళ్ల ఇంట్లనే,
దిండు కింద దేవులాడుకుంట.
నాలుగో ఫారం రెండుసార్లు కుట్టిండ్రు.
ఐదోది లేనే లేదు.

ఓదెలు నవ్విండు,
"నా వీసా లెక్కనే ఉన్నది ఈ కత,
దిగినట్టే దిగి మళ్ల మొదటికాడికి."
రాజనర్సు నవ్వలే. పుస్తకం నా మీదికి ఇసిరిండు,
అచ్చుపనోన్ని నేనొక్కన్నే కదా.

ఫోన్ల సుభాషిణి మేడం,
వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
"నలభై కాపీలు అట్లనే పోయినయి తమ్మీ.
మళ్ల అచ్చేద్దామంటే చేతుల పైసల్లేవు.
ఫోటోలు పంపుత."
పదహారు ఫోటోలు.
పదహారింటి మూలకు ఆమె బొటనవేలు.

రాత్రి షిఫ్టుల ప్రూఫ్ మిషన్ ఖాళీగుంటది.
బంగారు అచ్చు పక్కకు జరిగి
రిజెక్టయిన ఊద్ డబ్బాల అట్టలు మూలకు కుప్ప.
వాటి వెనక దిక్కు తెల్లగ ఉంటది.
ఒక్కొక్కటి చేత్తోనే పెట్టిన.
పేజీకో అట్ట, పదహారు అట్టలు.
వేలు కూడ అచ్చయింది,
దాన్ని కోసెయ్య బుద్ధి కాలే.
కట్టర్ కాడ కోసి, సూదితోని కుట్టి,
నడుమ ఇరికిచ్చిన.
ఇప్పుడా పుస్తకం నోరు మూసుకోదు.
తలగడ కింద పెడితే రూమంతా ఊద్ వాసన.

సెలవుదినం రాజనర్సు పైకి చదివిండు.
అట్ట తిప్పినప్పుడల్ల
వెనకున్న బంగారు అరబ్బీ అక్షరం
ట్యూబ్‌లైటుకు తాకి గోడ మీద ఉరికింది.
ఈరవ్వ నీళ్లల్లకు దిగింది.
మోకాళ్లు, నడుము, మెడదాకా.
చల్లగున్నయట.
ఎందుకు దిగిందో యాది మరిచిందట.
ఎనమండుగురం. ఎవ్వలు కదల్లే.
పై మంచం మీద మొండయ్య
తువ్వాలతోని మెడ తుడుచుకున్నడు.

యాసంగికి ఊరికి పోయేదెవలని
గంగనర్సు ఇప్పటినుంచే అడుగుతున్నడు.
ఈసారి తొక్కు కూడ రావాలట.

ఆఖరు పేజీ అడుగున ఉన్నది,
అచ్చు: కోరుట్ల.
దాని కింద బాల్‌పెన్నుతోని రాసిన,
65 నుంచి 80 దాకా: అజ్మాన్.
పేరు రాయలే.
సూపర్వైజర్‌కు తెలుగు రాదు,
అయినా.