బూట్లకు రసీదు

ఆరో ఏడాదికి వచ్చాక మా స్కూల్లో దారులు చీలతాయి.
ఇంజినీరింగ్ వైపు ముప్పై నలుగురు.
లా, చరిత్ర తీసుకున్నవాళ్లం పదకొండుమందిమి.
కెమిస్ట్రీ ల్యాబ్ పక్క గది మాది,
కప్పు కారేచోట పెట్టిన బకెట్టుతో కలిపి పన్నెండు.

"చరిత్రతో ఏం బాగుచేస్తావే?" అన్నాడు నాన్న.
ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు.
వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.
చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయి ఉంది.
నాకు జవాబు తట్టలేదు.

మాకు జులై అంటే చలికాలం.
ఉరుగ్వే నది మీంచి లేచిన పొగమంచు
కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది, ఫీజు కట్టని పిల్లాడిలా.
సుల్మా టీచర్ చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు,
చేతిలో మాతే తాగే సొరబుర్ర.
"ఇంట్లోంచి సంతకమున్న కాగితం ఒకటి పట్రండి," అంది,
"అప్పుదో, అద్దెదో, పెళ్లిదో.
మీకన్నా వయసులో పెద్దదై ఉండాలి."

నెరెయా తెచ్చింది, ఎనిమిది మడతలు పెట్టిన అమ్మమ్మ విడాకులు.
ఆబెలార్దో తెచ్చింది సమాధి స్థలానికి కట్టిన పన్ను.
నేను ఎవారిస్తో తాత బిస్కెట్ల డబ్బాలోంచి
మాంసం ఫ్యాక్టరీ కాగితం తెచ్చాను.
ఇరవై మూడేళ్లు అక్కడ డబ్బాలకు మూతలు బిగించాడాయన.
ఇప్పుడా పొగగొట్టంలో పావురాలున్నాయి.

"ఇందుమూలంగా, కింద నిశానీ వేసిన నేను
నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను,
నాకు రావలసిన బాకీ ఏమీ లేదు."
కింద, ఊదారంగు సిరాలో బొటనవేలు.

"ఇందులో 'నేను' ఎవరు?" అడిగింది టీచర్.
తాత అన్నాను.
"మీ తాత ఎప్పుడైనా 'ఇందుమూలంగా' అన్నాడా?"
క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను,
ఆ తర్వాత నవ్వడం కుదర్లేదు.

రాత్రి తాతకు చదివి వినిపించాను.
రేడియో తగ్గించి, మళ్లీ చదవమన్నాడు.
మూడోసారి చదివాక అన్నాడు:
"ఇది బూట్లకు రసీదు అన్నారే!
రబ్బరు బూట్లు తిరిగిచ్చి ఇక్కడ వేలెయ్యి,
లేకపోతే వాటి ఖరీదు పట్టుకుంటాం అన్నాడు మేస్త్రీ.
ఇచ్చేశాను. నలభై రెండో నంబరు.
ఎడమది మడమ దగ్గర చిరిగింది.
చూస్తాడేమోనని చేత్తో మూసి పట్టుకున్నా."

నలభై ఏళ్లకు పైగా ఆ చిరుగునే దాస్తున్నాడు మా తాత.

మర్నాడు టీచర్ బోర్డు మీద ఒకే మాట రాసింది:
కాలదోషం.
దావాకు గడువు నేను పుట్టకముందే తీరిపోయిందట.
కోపమొచ్చి వ్యాసం రాశాను, చివరి వాక్యం ఇలా పెట్టాను:
"చట్టానికి కాలదోషం పడుతుంది, చరిత్రకు పట్టదు."
దాని పక్కన ఎర్ర సిరా:
"వినడానికి బాగుంది. సాక్ష్యం?"

శనివారం నది ఒడ్డున బోచాస్ ఆడే ముసలివాళ్ల దగ్గరికి పోయాను.
మీ బూట్ల నంబరెంత, అని అడిగాను.
అలా మొదలుపెడితే తప్ప ఎవరూ నోరు విప్పరు.
నలభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై తొమ్మిది,
"చిన్న కాళ్లని ఏడిపించేవాళ్లు."
ఒకాయన బంతి చేతిలో పెట్టుకుని
నేను వెళ్లేదాకా విసరలేదు, మాట్లాడనూ లేదు.
దోర్బాల్ అనే ఆయన మాత్రం,
"నేను చదివే సంతకం పెట్టాను పిల్లా,
డబ్బిచ్చారు, పడవ కొన్నాను, బూట్ల ఊసే లేదు," అన్నాడు.
రాయబుద్ధి కాలేదు.
పెన్ను మూత పెట్టి, తీసి, రాశాను.

వ్యాసం ఇంకా తేలలేదు.
డిసెంబరులో పరీక్ష. బకెట్టు సగం నిండింది.
నాన్న ఆ ప్రశ్న రెండోసారి అడగలేదు.

నిన్న తాత నా నోట్‌బుక్ చేతిలోకి తీసుకున్నాడు,
చదవలేడు, బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు.
"ఎడమది చిరిగిందని కూడా రాసేశావా?"
రాశాను తాతా.
"మడమ దగ్గరని రాయి," అన్నాడు.