ఒకే గడి

"మీ ప్రధాన వృత్తి?" అని అడిగింది కాగితం.
నీలం సిరాతో, గడి దాటి మార్జిన్‌లోకి ఒరిగిపోయిన అక్షరాలతో
జవాబు రాశాడు ఎర్లెండ్ డ్రీవర్:
"జాయినర్.
శవపేటికలు కూడా.
చలికాలంలో పడవలు, ఎవరైనా అడిగితే."

నా ఉద్యోగం ఎడిన్‌బరోలో, మూడో అంతస్తులో,
మనుషుల పనులకి అంకెలు తొడగడం.
రోజుకి నాలుగు వందల కాగితాలు.
నర్సుకో అంకె, గొర్రెల కాపరికో అంకె,
"ఏమీ లేదు, ఇంట్లోనే" అని రాసిన ఆవిడకి
అంకె కూడా కాదు, ఒక గీత.
జాయినర్‌కి పుస్తకం తియ్యనక్కర్లేదు, నోటికొచ్చు:
ఐదు, మూడు, ఒకటి, ఆరు.
వాన మొహాన కొడుతుంటే దూలాలెక్కించే కార్పెంటరూ
బల్ల దగ్గర నిలబడి కిటికీ చట్రం బిగించే జాయినరూ
ఆ అంకె కింద ఒకే మంచం మీద పడుకుంటారు.
వాళ్లనడిగి చూడండి, ఇద్దరూ ఒప్పుకోరు.

శవపేటిక వేరే పుట. పడవ ఇంకో పుట.
నియమం: ఏ పనికి ఎక్కువ గంటలైతే దానికే అంకె.
అనుమానముంటే ఫోన్ చెయ్యాలి.
చేశాను.

వెస్ట్రే దీవి. ముందు గాలి ఎత్తింది ఫోను,
తర్వాత అతను.
"ఎక్కువ గంటలా?
ఎదురుచూడ్డానికే పోతాయమ్మా ఎక్కువ గంటలు.
ఇక్కడ చెట్టనేది లేదు. కొయ్య ఓడెక్కి రావాలి.
వచ్చింది ఆరాలి.
పచ్చి చెక్కతో తలుపు చేశామా,
చలికి ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండకి పళ్లికిలిస్తుంది.
ఎదురుచూపుకి అంకె ఉందా మీ దగ్గర?"
లేదన్నాను.

"పోయినేడు తొమ్మిది మంది పోయారు.
ఈ ఏడు ఇద్దరే, కిటికీలే ఎక్కువ.
ఏది రాసుకుంటారో మీ ఇష్టం."

అడగాల్సింది అయిపోయింది. పెట్టేయొచ్చు.
"రెండు పనులూ ఒకే బల్ల మీదేనా?" అన్నాను, ఊరికే.

కాసేపు మాట లేదు. చిత్రిక చప్పుడు మాత్రం.
ఒక్క ఊపిరిలో లేచి, చుట్టుకుని,
నేల మీద రాలే పొడుగాటి చెక్కపేడు.
మాట్లాడుతూనే పని చేస్తున్నాడన్నమాట.

"రెండు పనులని ఎవరన్నారు?
గుమ్మం కొలిచేటప్పుడే చూసుకుంటాను
లోపలి మనిషి ఎలా బయటికొస్తాడో.
కొత్త జంటలు మెలిక మెట్లు అడుగుతారు, ముచ్చటగా ఉంటాయని.
వద్దంటాను. ఎందుకో చెప్పను.
గుమ్మం ఇంకో మూడంగుళాలు పెంచుకోండి,
రేపు పియానో కొంటారేమో, అంటాను.
ఈ దీవిలో ప్రతి ఇంటిదీ పియానో పట్టే గుమ్మమే.
పియానో ఒక్కటే ఉంది, బడిలో."

నవ్వాడో, దగ్గాడో.

"పెళ్లి విందుల్లో కొందరు నా పక్కన కూచోరు,
కంటితో కొలిచేస్తానని.
కొలుస్తాను కూడా. ఏం చెయ్యను, అలవాటైపోయింది కన్నుకి.
మా నాన్న పెట్టెకి మేకు కొట్టేవాడు కాడు.
నాలుగు మూలలా పావురం తోక అతుకులే.
మట్టిలోకి పోయేదానికి ఇంత నేర్పెందుకని అడిగితే
'మోసే ఆరుగురూ చూస్తార్రా' అనేవాడు."

ఐదు, మూడు, ఒకటి, ఆరు.
కొట్టాను. తెర ఒప్పుకుంది.
మిగతా రెండు వాక్యాలూ లోపలికి పట్టలేదు.
ఈ గడి చేసినవాడెవరో,
మూడంగుళాలు ఎక్కువ పెట్టలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి
కిందింటి మిసెస్ టోషాక్‌ని టేపు అడిగాను.
మాది పాతకాలపు రాతిమేడ, నాలుగో అంతస్తు,
నత్తగుల్లలా తిరిగే మెట్లు.
గుమ్మం ఇరవై తొమ్మిది అంగుళాలు.
మలుపు దగ్గర అంతకన్నా తక్కువ.
మోకాళ్ల మీద కూచుని మళ్లీ కొలుస్తుంటే
పైకొచ్చి చూసిందావిడ, చేతిలో కెటిల్ మూతతో.
"ఏమిటే, సోఫా కొంటున్నావా?"

పియానో, అన్నాను.