ఇతరములు

పొద్దున తొమ్మిదింటికి
హాజరు యాప్ ముందు నా ముఖం అడుగుతాది,
ఆ తర్వాత పిల్లల ముఖాలు.
కోసిగి పక్క మా బడిలో సిగ్నల్
నీళ్ల ట్యాంకు మెట్ల మీద మాత్రమే నిలబడతాది.
నేనూ అక్కడే నిలబడి నొక్కుతాను.

రానివాళ్లకు కారణం చెప్పాల.
అనారోగ్యం. పెళ్లి. బంధువుల మరణం. ఇతరములు.
సుగ్గి అనే మాట ఆ జాబితాలో లేదు.
ఏ చల్లటి గదిలోనో కూర్చుని అది రాసినాయప్పకు
రాత్రికి రాత్రి బొలెరో ఎక్కి
గిన్నెలతో, కోళ్లతో, చంటిబిడ్డలతో
గుంటూరు దిక్కు మిరప చేలకు పోయే ఊరు
ఎప్పుడూ ఎదురుపడినట్టు లేదు.
నలభై ఒక్కమందిలో పంతొమ్మిది మంది ఇతరములు.
గుడ్డు ఫోటో, చిక్కీ ఫోటో, మరుగుదొడ్డి ఫోటో
ఎక్కించేసరికి
మొదటి పీరియడు ఎప్పుడో అయిపోయుంటాది.

ఫోన్ను తిట్టుకుంటానే ఫోన్లో ఒక గ్రూపు పెట్టినాను.
పదో తరగతి బి, లెక్కలు.
మొదటి వారం అందులోకి వచ్చినవి:
గులాబీల శుభోదయాలు,
ఒక హీరో పుట్టినరోజు,
గ్రహణం నాడు చారెడు పసుపు మింగమని ఎవరో డాక్టరు.
అది తప్పని రాస్తే
'ఫార్వర్డ్ మేడం, మాది కాదు' అని ఒక నమస్కారం.

ఇంకొకటి, రీలు.
ఎవరో పట్నం పిల్లగాడు తలకు తువ్వాల చుట్టి
మా మాటను ఎగతాళి చేస్తాండాడు.
'యాడికి పోతాండావప్పా' అంటే చాలు, వెనక నవ్వుల మోత.
పిల్లలు నవ్వినారు.
నేనూ నవ్వినాను, అబద్ధమెందుకు.
మర్నాటి నుంచి మల్లేశ్వరి
బోర్డు దగ్గరికొచ్చి 'ఎక్కడ వ్రాయాలండీ' అంటాంది.
ఆ అండీ దాని నోట్లో
కొత్త చెప్పు మాదిరి కరుస్తాంది.
వాళ్లవ్వతో మాట తగ్గించిందంట.

శంకువు పాఠం
ట్యాంకు మెట్ల మీదే రికార్డు చేసినాను.
గాలి, కాకి, నా దగ్గు, అన్నీ పోయినాయి దాంతోపాటు.
మూడో వంతు, పై, ఆర్ స్క్వేర్, హెచ్.
ఒక్క టిక్కు.
రెండు రోజులు ఒక్క టిక్కే.
మూడో రాత్రి పది దాటినాక
ఉరుకుందు గొంతు.
వెనక ఎవరో దగ్గుతాండారు, దూరంగా మోటరు.
'మేడం, మిరపకాయల కుప్ప శంకువే కదా?'
వాళ్లమ్మ కొంగుతో చుట్టుకొలత తీసినాడంట,
కట్టె గుచ్చి ఎత్తు.
ఫోటో పంపినాడు: బస్తా మీద బొగ్గుతో అంకెలు,
అంచున రెండు వేళ్లు, కారానికి పొంగినవి.

ఆ తర్వాత గొంతులు పెరిగినాయి,
నా రిజిస్టరులో లేని గొంతులు.
ఒకటి పెద్దకడబూరు దిక్కుది,
ఒకదాంట్లో కన్నడం కలిసింది,
ఒకటి సూత్రాన్ని ఎక్కం మాదిరి పాడతాంది.
ఏ యాప్ ముందూ నిలబడని ముఖాలు
పగిలిన స్క్రీను చుట్టూ, చీకట్లో.
సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో తెలియలేదు.
దీన్నే బడి అని ఎవరన్నా ఫోటో తీసి
ఎక్కిస్తారేమోనని భయం మటుకు ఉంది.

నిన్న రాత్రి ఒక ఆడపిల్ల గొంతు.
పేరు తిక్కమ్మ. ఊరు చెప్పలేదు.
ఆరులోనే మానేసినానంది.
'మేడం, మేము కొలిస్తే
ఇరవై రెండు బస్తాలు రావాల.
మేస్త్రీ పుస్తకంలో పద్దెనిమిదే ఉండాయి.
శంకువుది తప్పా, మేస్త్రీది తప్పా?
బిరీన చెప్పు,
నెట్టు అయిపోతాది.'