పదకొండు సెకన్లు

త్రినాథూ,
నిన్న రాత్రి తొమ్మిదింటి చర్చలో నువ్వు బల్ల గుద్దినప్పుడు
నేను కంచరపాలెం మెట్టు దగ్గర టీ కొట్టులో ఉన్నాను.
టీవీకి సౌండ్ లేదు. నీ చూపుడు వేలు మాత్రం
తెరంతా తిరుగుతోంది.

ఆ వేలు నాకు తెలుసు.
పద్నాలుగేళ్ళ కిందట ఎడిట్ రూమ్‌లో
నా భుజం మీంచి వచ్చి
"ఇక్కడ కొయ్యి" అన్న వేలు.

అప్పుడు నీకు పాత స్కూటర్,
జేబులో సగం కాల్చి దాచుకున్న సిగరెట్టు,
ఎవరు ఏడ్చినా మన వార్తే అనే నమ్మకం.
హార్బర్ గేటు దగ్గర జాలరి ఆడవాళ్ళు బైఠాయించిన రోజు
మైలపల్లి నూకరత్నం కనుబొమ్మ చిట్లి
రక్తం పైట మీదికి కారడం
రాష్ట్రమంతా చూసింది.
అంతకు ముందు పదకొండు సెకన్లు ఎవరూ చూడలేదు.
గుంపులోంచి లేచిన రాయి,
చెవి పట్టుకుని
బడిపిల్లాడిలా కింద కూలబడిన కానిస్టేబులు.
"అది చూపిస్తే వీళ్ళ కడుపు కొట్టినట్టే" అన్నావు.
నేను కోశాను.
సిరిపురం సభలో నీకు శాలువా కప్పినప్పుడు
వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టిన చేతులు కూడా
ఇవే.

అమ్ముడుపోయాడు అంటారు జనం.
నేననను.
నువ్వు అన్నా అన్నా అని తిరిగిన యూనియన్ నాయకుడు
మిల్లు యజమాని కారులోంచి దిగడం
నీ కళ్ళతో నువ్వే చూశావు, గాజువాకలో, వానలో.
ఆ రాత్రి నా గదికొచ్చి తడిబట్టలతోనే పడుకున్నావు.
ఆనుకున్న గోడ కూలితే
ఎవరైనా కాసేపు ఒంటికాళ్ళ మీద నిలబడతారు.
నువ్వు నడిచెళ్ళి ఎదుటి గోడకి ఆనుకున్నావు.
ఎంవీపీ కాలనీ ఫ్లాటు వాయిదాలు
అంతకు ముందు మొదలయ్యాయో తర్వాతో
నాకు సరిగ్గా గుర్తులేదు.
గుర్తు చేసుకోవాలని కూడా లేదు.

మొన్న మీ డెస్కు నుంచి హైమ ఫోన్ చేసింది.
కొత్త పిల్ల, నేను పని నేర్పినదే.
"సార్, మళ్ళీ హార్బర్ గేటే.
ఈసారి లాఠీ ముందు లేచింది, రాయి తర్వాత.
లాఠీ ముక్క తీసెయ్యమన్నారు.
మీరైతే ఏం చేసేవారు?"

ఏం చెప్పను?
అప్పుడు రాయిని కోసిన కత్తెర
ఇప్పుడు లాఠీని కోస్తోంది.
కత్తెరకి సిద్ధాంతం మారిందంటే
దానికి నవ్వు రాదూ?
"నెట్‌వర్క్ సరిగ్గా లేదమ్మా" అని పెట్టేశాను.

పాత హార్డ్ డిస్కు నా దగ్గరే ఉంది, త్రినాథూ.
నిన్ను బెదిరించడానికి కాదు,
పారెయ్యడానికి చెయ్యి రాక.

ఇవాళ పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాను.
పోర్టు బొగ్గు దుమ్ము
ఐసు దిమ్మల మీద కూడా సన్నగా పేరుకుంది.
నూకరత్నం వంజరం అమ్ముతోంది.
కనుబొమ్మ మీద మచ్చ, జుట్టు సగం తెలుపు.
తలా తోకా తియ్యకుండా తూకం వేసింది,
అడిగితే తర్వాత కోసిచ్చింది.
ఫోన్లో చూపించాను, మొత్తం, కొయ్యకుండా.

నీ మీద తిడుతుందనుకున్నాను.
నా మీదైనా.
తన రక్తం దగ్గరికి రాకముందే
తడిచేత్తో తెరని ఆపింది.

"ఈ కుర్రోడికేటయ్యింది బాబూ?
సెవి దక్కిందా?"

ఇంటికొచ్చి అప్పటి డైరీ వెతికాను.
షాట్ నంబరు ఉంది.
పేరు రాసుకోలేదు.