బల్ల అడుగున

వార్డోలో నవంబరు చివర సూర్యుడు వెళ్ళిపోతే
మళ్ళీ జనవరి సగం దాటాకే.
ఆ చీకటి గడిచేదాకా తమ్ముడింట్లో ఉందామని వచ్చాను,
ఒక పెట్టె, రెండు జతల ఉన్ని మేజోళ్ళతో.

పిల్ల పేరు తూరిద్. ఏడేళ్ళు.
అడిగితే జవాబిస్తుంది, అడిగినంత మేరకే,
చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టినట్టు.

గున్‌వోర్ కాఫీ గిన్నెను పొయ్యి మీద
ఉండాల్సినదానికన్నా కాస్త గట్టిగా దించుతుంది.
తూర్‌లైఫ్ గాలాలు సానపట్టడం ఆపడు.
ఇద్దరూ నాతోనే మాట్లాడతారు.
"ఉప్పు ఇటివ్వమని చెప్పు ఆయనకి."
చేతికందే ఉప్పు
నా చుట్టూ తిరిగి వెళ్తుంది.

అప్పుడు పిల్ల
గుడ్లు ఉడికించేటప్పటి ఇసుక గడియారాన్ని
తలకిందులు చేస్తుంది.
మూడు నిమిషాలు. ఇసుక అయిపోతే మళ్ళీ.
చూపు మాత్రం దాని మీద ఉండదు.
ఇసుక రాలే చప్పుడు వినిపిస్తుందేమో.

గుడ్లేవీ ఉడకట్లేదే, అన్నాను ఓ రాత్రి, నవ్వబోయి.
"తెలుసు" అంది.

ఒక ఆదివారం చెంచా జారితే
బల్ల కిందికి వంగాను.
చెక్క అడుగంతా పెన్సిలు గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
మంచు మీద పిట్టలు నడిచి వెళ్ళినట్టు
ఈ కాలు నుంచి ఆ కాలు దాకా.
అమ్మ. నాన్న.
ఎవరు ముందు మాట మింగితే వాళ్ళ పేరు కింద.

మూడో పేరు నాది.
దాని కింద ఒకే గీత.

ఆ రాత్రి గుర్తుంది.
"నీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగాడు తమ్ముడు.
వెంటనే లేదన్నాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

నా పెట్టెలో, మేజోళ్ళ మడతలో,
గున్‌వోర్ దాచమన్న ఓడ టిక్కెట్టు.
ఒక్కటే. పెద్దవాళ్ళది.

చెంచా తీసుకుని పైకి లేచాను.
పిల్ల నా మోకాళ్ళ వైపు చూస్తోంది,
ఎంతసేపు వంగి ఉన్నానో కొలిచినట్టు.

సూర్యుడొచ్చే రోజు బడికి సెలవు.
ఊరంతా గుట్టెక్కింది, చేతుల్లో వెన్న రొట్టెలు,
అందరి మొహాలూ దక్షిణానికే.
సముద్రం అంచున ఎర్రటి గోటిముక్క.
ఎవరో కేక పెట్టారు. తమ్ముడు టోపీ తీశాడు.
గున్‌వోర్ రేవు వైపు ఒక్కసారి చూసి
చూపు తిప్పేసుకుంది.

తూరిద్ ఒక్కతే వీపు సూర్యుడికి పెట్టి నిలబడింది.
ఇన్నాళ్ళకి మా మీద పడ్డ వెలుతుర్లో
వాళ్ళమ్మని, వాళ్ళ నాన్నని, నన్ను
తీరిగ్గా, ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.
జేబులో ఏదో
తలకిందులైంది.